నీలం రంగు కింద ఎర్తు వైరు

ఏప్రిల్ 20, శనివారం

నా భార్య మరూసో ఫోన్‌లోనే రాస్తున్నాను. కొట్టుకి కావాల్సిన సరుకుల చిట్టా ఇందులోనే రాసుకునేది. చివరి చిట్టా పదో తారీఖుది. "గుడ్లకి ఎర్ర రంగు, కొవ్వొత్తులు, సున్నం రెండు బస్తాలు, యాకుమీస్‌కి మోకాలి పట్టీ." యాకుమీస్ నేనే. పదకొండున పొద్దున్నే కొట్టు తలుపు తీస్తూ గడప మీద కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. చిట్టా కింద చోటు ఖాళీగా ఉంది. దాన్ని చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా. ఎవరికీ చూపించేది కాదు.

ఈస్టర్ ఇంకా ఎనిమిది రోజులు. ఊరంతా సున్నం వాసన. మెట్లు, గోడలు, పూలకుండీలు, చివరికి చెట్ల మొదళ్ళు కూడా తెల్లబడ్డాయి. మా ఇంట్లో ఏటా ఈ పనంతా మరూసోది. ఈసారి నేనే వేశా. కుర్చీలకి, తలుపులకి, కొట్టు బోర్డుకి నీలం. పడవలకేసే రంగు, అర డబ్బా మిగిలింది. పారెయ్యడమెందుకని మోటర్‌సైకిల్‌కి వేశా.

పైపైన కాదు. సీటు తీశా, బ్యాటరీ తీశా, ఊడొచ్చే బోల్టులన్నీ ఊడదీశా. బ్యాటరీ నుంచి ఇంజన్‌కి వెళ్ళే లావు నల్ల వైరు బిగుసుకుపోయి రానంటే కటింగ్ ప్లేయరుతో పట్టి ఒక్క గుంజు గుంజితే వచ్చింది. రెండు పూతలు వేశా. బోల్టు రంధ్రాల చుట్టూ కూడా, ఇనుమన్నది కంటికి కనపడకుండా. మళ్ళీ అన్నీ బిగించా. పెళ్ళికొడుకులా ఉంది బండి. మరూసో ఇంటికొచ్చి చూస్తే నోట మాట రాదు.

ఛ. ఏం రాశాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇవాళ గడువు పెట్టింది. నోటితో సరిపడా తినడం మొదలుపెట్టకపోతే 30న, మంగళవారం ఓడలో ఏథెన్స్ పంపిస్తారట. కడుపుకి గొట్టం వేస్తారట. పోయినేడు పై వీధి స్తమాతా అలాగే వెళ్ళింది. ఆమె కుర్చీ ఇప్పటికీ అరుగు మీదే ఉంది.

మరూసో వేరేవాళ్ళు పెడితే నోరు మూసేస్తుంది. నేను పెడితేనే తింటుంది. కాబట్టి రోజూ పన్నెండింటికల్లా, భోజనం వేళకి, నేను అక్కడుండాలి. పదకొండు కిలోమీటర్లు, కొండ దారి, అంతే. బండి ఉంది. భయం లేదు.

ఏప్రిల్ 21, మట్టల ఆదివారం

ఆరు చెంచాలు తింది! నీళ్ళలాంటివి పెడితే దగ్గొస్తోంది, చిక్కటివైతే దిగుతున్నాయి. ద్రాక్షపాకం జావ పెట్టా. అది నాది కాదు. చర్చి నుంచి వచ్చి బండి తీస్తుంటే, పక్క పెట్టెలో గుడ్డ చుట్టిన గాజు సీసా ఉంది, ఇంకా వేడిగా. ఎదురింటి అర్గెండో పెద్దమ్మ పెట్టుంటుంది. నోరు కారమైనా మనిషి మంచిది.

ఇంకో సంగతి. చర్చి బయట బండి పక్కన నికితాస్ నిలబడి ఉన్నాడు. మరూసో తమ్ముడు. నన్ను చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుని తప్పుకున్నాడు. ఆరేళ్ళుగా మాటల్లేవు మా మధ్య. ఈ బండి వాళ్ళ నాన్నది. ఆయన పోయే ముందు కొడుకుని కాదని అల్లుడికి, అంటే నాకు ఇచ్చాడు. నికితాస్ పడవ ఇంజన్ల మెకానిక్కు. "స్పార్క్ ప్లగ్గుకీ సీసా బిరడాకీ తేడా తెలియనోడికిచ్చాడు" అని ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు. నేనూ ఏదో అన్నా. ఏమన్నానో ఇక్కడ రాయక్కర్లేదు.

బండి దగ్గర వాడికేం పని?

ఏప్రిల్ 22, సోమవారం

సెయింట్ పరస్కేవి మలుపులో ఎదురొచ్చేది కనపడదు. గోడ గూట్లో ఆవిడ పటం. అక్కడ అందరం రెండుసార్లు హారన్ కొడతాం. ఒకటి ఆవిడకి, ఒకటి ఎదురొచ్చేవాడికి. ఇవాళ కొట్టగానే ఇంజన్ దగ్గింది. రెండోది కొట్టగానే ఆగిపోయింది. తోస్తే మళ్ళీ అందుకుంది. లైటు చూస్తే అయిపోవచ్చిన కొవ్వొత్తిలా ఉంది.

తొమ్మిది చెంచాలు. పెట్టెలో మళ్ళీ సీసా ఉంది, అదే.

ఏప్రిల్ 23, మంగళవారం

బ్యాటరీ అనుకున్నా. కింద టౌన్లో కొత్తది కొని వేశా. వచ్చేటప్పుడు బాగానే ఉంది. మలుపు దగ్గర హారన్ కొట్టలేదు. పరస్కేవమ్మకి మనసులోనే దణ్ణం పెట్టుకుని తిప్పా. ఎదురుగా మేకల మంద. ఒక అడుగు తేడా, అంతే. కాపరి తిట్టిన తిట్లు మా అమ్మ కూడా తిట్టలేదు.

ఎనిమిది చెంచాలు. చెంచాలోది సగం దుప్పటి మీద ఒలికించా. మరూసో ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

ఈ బండికి ఆరేళ్ళలో ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆదివారం వాడు పక్కన నిలబడ్డాడు, సోమవారం నుంచి ఇలా. నేనేం వెర్రివాణ్ణి కాదు.

ఏప్రిల్ 24, బుధవారం

ఆగిపోయింది. వెళ్ళలేకపోయా.

ఏప్రిల్ 25, గురువారం

ఎర్ర గుడ్ల రోజు, పండగ గుడ్లకి రంగు వేసేది ఇవాళే. పొద్దున్నుంచి కొట్టు కిటకిట. ఒక పక్క రంగు పొట్లాలు ఇస్తూ ఇంకో పక్క బండితో కుస్తీ. ఫ్యూజు మార్చా, బల్బు మార్చా. ఎడం పక్క ఇండికేటర్ వేస్తే ముందూ వెనకా ఏవేవో వెలుగుతున్నాయి. హ్యాండిల్ కుడికి తిప్పితే ఒక రకం, ఎడమకి తిప్పితే ఇంకో రకం.

అర్గెండో పెద్దమ్మ కొట్టు ముందు కుర్చీలో కూర్చుని తమాషా చూస్తోంది.

"ఒరేయ్ యాకుమీ, ఆ బండికి అప్పడాల కర్ర కూడా పెట్టి చూడరాదూ. మిగతావన్నీ పెట్టావుగా."

"పనిలో ఉన్నా పెద్దమ్మా."

"మెకానిక్కుని ఇంట్లోనే పెట్టుకుని ఈ పాట్లేంట్రా?"

"టౌన్లో మెకానిక్కులంతా పండక్కి మూసేశారు. మంగళవారం దాకా తియ్యరు."

"టౌన్లోవాళ్ళ గురించి అడిగానా?"

నేను వినిపించుకోలేదు. సెల్ఫు బటన్ నొక్కా. ఇంజన్ తిరగలేదు. కానీ క్లచ్ వైరు మీద చెయ్యేసి ఉంచానేమో, భగ్గుమంది. అరచెయ్యి కాలింది. వైరు పై తొడుగు కరిగి పొగ వచ్చింది. వదలకుండా ఇంకోసారి నొక్కా. టప్‌మని లోపలి తీగ తెగింది. అంతే. బండిలో ఇప్పుడు చుక్క ప్రాణం లేదు. కరెంటుకీ క్లచ్ వైరుకీ ఏం సంబంధం? ఎవడో కావాలని ఏదో చేస్తే తప్ప!

రొట్టెల వ్యాను బతిమాలి ఎక్కా. అది ప్రతి ఊళ్ళో ఆగుతూ పోయేసరికి ఒంటిగంటన్నర.

నర్సు కలోమీరా గుమ్మంలోనే అంది, "బాబాయ్, నిన్న అసలు రాలేదు, ఇవాళ ఇప్పుడొచ్చారు. పన్నెండింటి దాకా తలుపు వంకే చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది."

రెండు చెంచాలు. మూడోది ఉమ్మేసింది. కావాలనే ఉమ్మింది. నాకు తెలుసు, ముప్పై నాలుగేళ్ళుగా తెలుసు ఆ మొహం.

ఏప్రిల్ 26, శుక్రవారం

నడిచా.

బస్సు లేదు. సోమవారం దాకా ఉండదు. రొట్టెల వ్యాను లేదు. ఊళ్ళో ఒకే ఒక్క కారు ఫాదర్ గారిది, ఆయన పొద్దున్నుంచి చర్చిలో క్రీస్తు శవపేటికకి పూలు కట్టిస్తున్నాడు. గాలి మామూలుగా లేదు, పడవలన్నీ ఒడ్డెక్కాయి. సీసా చొక్కా లోపల పెట్టుకుని నడిచా. దారి పొడుగునా ప్రతి ఊళ్ళోనూ చావు గంట మోగుతూనే ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మోగుతుందని పుట్టినప్పట్నుంచీ తెలుసు. అయినా ప్రతి గంటకీ అడుగు తొందర చేశా.

మోకాలు పట్టేసింది. పరస్కేవి మలుపు దగ్గర చాలాసేపు కూర్చున్నా. చేరేసరికి రెండున్నర. కంచం తీసేశారు. మరూసో నిద్రలో ఉంది. చెక్కిళ్ళు లోపలికి పోయాయి. ఇన్ని రోజులూ చూస్తున్నా కానీ ఇవాళ కనపడ్డాయి.

డాక్టరమ్మ మంగళవారం ఓడకి కాగితాలు తయారు చేస్తోంది. "ఇంకా నాలుగు రోజులున్నాయి కదమ్మా" అన్నా. "తినే రోజులైతే నాలుగండీ" అంది.

కలోమీరా నీళ్ళిచ్చి పక్కన కూర్చుంది. "అడుగుతున్నానని ఏమనుకోకండి బాబాయ్. మీరు తప్ప ఈమెకి ఇంకెవరూ లేరా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?"

"లేరు" అన్నా.

దిగువూరి వాళ్ళెవరో ట్రాక్టర్ మీద సగం దాకా దించారు. మిగతాది మళ్ళీ నడిచా.

"లేరు" అనే అన్నా. ఇక్కడ అబద్ధం రాయడం దేనికి. మొదటి రోజు చేర్చుకునే కాగితం మీద కూడా అదే రాశా. "చూడటానికి వచ్చేవారు: భర్త. ఇంకెవరూ లేరు." తొందరలో రాశా.

తొందరలో కాదు.

ఏప్రిల్ 27, శనివారం

చాలా రాయాలి.

పొద్దున చర్చికి వెళ్ళా, అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి. ఈస్టర్ ముందు పొద్దున పాడే మొదటి పునరుత్థానం పాట మొదలవగానే ఫాదర్ గారు గంపలోంచి, కూరల్లో వాసనకి వేసే దాఫ్ని ఆకులు గుప్పిళ్ళతో విసురుతారు, అందరం బల్లలు బాదుతాం. ఆకులు నా నెత్తి మీద, భుజం మీద పడ్డాయి. ఆ వాసన ముక్కుకి తగిలింది. బాదుతున్నవాణ్ణి ఆపేశా. అదే వాసన. సీసాలో జావ వాసన. ద్రాక్షపాకం జావలో దాఫ్ని ఆకు వేసేది ఈ దీవిలో ఒక్క మా అత్తగారే. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

బయటికొచ్చి అర్గెండో పెద్దమ్మని పట్టుకున్నా. "ఆ సీసాలు నువ్వు కాదా?"

"నేనా? ఉపవాసాల్లో నా పొయ్యి మీద శనగలు తప్ప ఏం ఉడకలేదు. ఏడు రోజులకి తెలిసిందా నీకు? బుర్రకి కూడా రంగు పూశావా?"

సరాసరి కొట్టు దగ్గరికి పోయా. బండిని తోసుకుంటూ కింద రేవుకి వెళ్ళా. దిగుడు దారి కాబట్టి సరిపోయింది. నికితాస్ షెడ్డు తలుపు తీసే ఉంది. వాడు తల ఎత్తలేదు.

"ఏం కావాలి షావుకారుగారూ? నా దగ్గర కొవ్వొత్తులు లేవు."

"బండి."

"కనపడుతోంది. చర్చి మెట్ల మీంచే కనపడుతోంది. ఎవడో కొండ మీంచి పడవ దించుతున్నాడనుకున్నా."

ఎలాగో మింగా. వాడు లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వాళ్ళ నాన్న బండి. ఒక్క చోట కూడా చెయ్యి వెయ్యలేదు.

"రంగు ఎవరేశారు?"

"పండక్కి ఊరంతా వేసుకున్నారుగా."

"ఊరి సంగతి అడగలేదు." సీటు కిందికి వంగి చూశాడు. "హారన్ కొడితే ఆగేదా?"

"నీకెలా తెలుసు?"

"క్లచ్ వైరు కాలిందా?"

అప్పుడు ఆపుకోలేకపోయా. "నీకెలా తెలుసంటున్నా! నువ్వే చేశావ్! మట్టల ఆదివారం నాడు బండి పక్కన చేతులు దాచుకుని నిలబడ్డావ్. నేను చూడలేదనుకున్నావా?"

వాడు నా వంక చూసి లోపలికెళ్ళాడు. మసిబట్టిన గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగున ద్రాక్షపాకం జావ, పైన ఒక ఆకు.

"దాచింది ఇదే. పదిహేనో తారీఖున నేను ఆస్పత్రికి వెళ్ళా. నర్సు కాగితం చూసింది. 'భర్త తప్ప ఎవరూ లేరని రాసుందండీ' అంది. నేను తమ్ముణ్ణి అన్నా. 'ఎవరూ లేరని రాసుంది' అని మళ్ళీ అంది. ఇంక ఏమనను? వెనక్కొచ్చి అమ్మ గిన్నె వెతికా."

గాలికి షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి. నాకు కూర్చోవాలనిపించింది కానీ వాడు కూర్చోమనలేదు.

"మంగళవారం ఓడ ఎక్కిస్తారు నికితా. పన్నెండింటికి నేను అక్కడ ఉండాలి."

"ఇప్పుడు తొమ్మిదిన్నర" అన్నాడు. "సీటు తియ్యి."

మీటరు తెచ్చాడు. ఒక సూది బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ మీద. "నొక్కు సెల్ఫు." నొక్కా. చూడమని మీటరు నా వైపు తిప్పాడు. పన్నెండు దగ్గర ఉంది.

"బాగానే ఉందిగా" అన్నా.

"ఏడిసినట్టుంది. అక్కడ సున్నా ఉండాలి, ఇంచుమించు. ఆ రెంటికీ మధ్య వైరుంది. వైరు బాగుంటే రెండూ ఒకటే, మీటరుకి చూపించడానికేం ఉండదు. ఇదిగో చూడు." మందపాటి వైరు ముక్క ఒకటి తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజన్ మీద రంగు గీరి అక్కడా అదిమాడు. "ఇప్పుడు నొక్కు."

ఇంజన్ గిర్రున తిరిగింది. ఆ చప్పుడు విని నా కాలిన చెయ్యి సంగతే మర్చిపోయా.

"కరెంటు ఎర్ర వైరులోంచి పోతుంది, పని చేస్తుంది, ఈ నల్ల వైరులోంచి తిరిగి ఇంటికొస్తుంది. ఎర్తు అంటే అదే. ఇంటికొచ్చే దారి నువ్వు మూసేశావు. ఇంకేం చేస్తుంది? ఇంజన్ మీంచి క్లచ్ వైరు పట్టుకుని, హ్యాండిలెక్కి, హెడ్‌లైటు సన్న వైరులోంచి దొంగదారిన వచ్చింది. అంత లోడుకి క్లచ్ వైరు కాలకేం చేస్తుంది? హారన్ కూడా కొడితే ఆ దారీ చాలక ఇంజన్ ఆగింది. క్లచ్ వైరు తెగాక అసలు దారే లేదు."

నల్ల వైరు ఊడదీసి బ్లేడుతో పై తొడుగు చీల్చాడు. లోపల తీగలన్నీ పచ్చటి చిలుము. కొస దగ్గర మూడో నాలుగో పోగులు తప్ప అన్నీ తెగి ఉన్నాయి. కటింగ్ ప్లేయరు పళ్ళ గుర్తు తొడుగు మీద స్పష్టంగా ఉంది. వాడు బొటనవేలితో దాన్ని తడిమాడు. తిడితే బాగుండేది.

పడవలకి వాడే లావు వైరు కోసి, రెండు కొసలకీ రాగి రింగులు నొక్కాడు. పట్టి లాగి చూశాడు, నన్ను కూడా లాగి చూడమన్నాడు. వాళ్ళ నాన్న దాచిన పాత క్లచ్ వైరు ఒకటి మేకుకి వేలాడుతోంది, అది వేశాడు. తర్వాత ఆకురాయి నా చేతికిచ్చాడు.

"గీకు."

"ఎక్కడ?"

"బోల్టు కింద. రింగు కూర్చునేంత మేర. నువ్వు వేసిన రంగు నువ్వే గీకు. తెల్లటి ఇనుము కనపడాలి."

గీకా. నీలం, దాని కింద ఇంకో పూత నీలం, దాని కింద మామగారి కాలం నాటి నలుపు. చివరికి ఇనుము మెరిసింది. రింగు పెట్టి, బోల్టు బిగించి, పైన గ్రీజు రాశాడు.

"దీని మీద రంగెయ్యకు."

"వెయ్యను."

పదకొండూ పది. వెనక సీటు మీద సీసా పట్టుకుని ఎక్కాడు. రమ్మని నేను పిలవలేదు, వస్తానని వాడూ అనలేదు. పరస్కేవి మలుపు వచ్చింది.

"హారన్ కొట్టు" అన్నాడు వెనక నుంచి.

"వద్దులే, పరవాలేదు..."

"కొట్టు బావా."

ఆరేళ్ళ తర్వాత ఆ మాట. రెండుసార్లు కొట్టా. ఇంజన్ చెక్కు చెదరలేదు. మూడోసారి కూడా కొట్టా, ఊరికే.

ఆస్పత్రిలో ముందు కాగితం అడిగి తీసుకున్నా. "ఇంకెవరూ లేరు" కొట్టేసి "తమ్ముడు నికితాస్" అని రాశా. కలోమీరా నా మొహంలోకి చూసింది, మళ్ళీ కాగితంలోకి చూసింది.

నేను చెంచా పెడితే మరూసో నోరు తెరవలేదు. నికితాస్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చెంచా వాడి చేతికిచ్చేశా.

పద్నాలుగు చెంచాలు. తింటున్నంతసేపూ ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

నా చేత్తో పెడితేనే తింటుందని ఇన్ని రోజులూ రాశా. తిన్నది నా చెయ్యి చూసి కాదేమో. వాళ్ళమ్మ గిన్నె రుచి చూసి తినుంటుంది.

ఏప్రిల్ 28, ఈస్టర్

ఇరవై. సాయంత్రం ఇంకో పది. ఒక ఎర్ర గుడ్డు ఎడమ చేతిలో పెడితే నికితాస్ చేతిలో గుడ్డుకేసి కొట్టింది. వాడిదే పగిలింది. వాడు ఓడిపోవాలనే పట్టుకున్నాడు.

ఏప్రిల్ 29, సోమవారం

గిన్నె మొత్తం తింది. డాక్టరమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. ఓడ రేపు పన్నెండున్నరకి. నిద్ర పట్టదు.

ఏప్రిల్ 30, మంగళవారం

డాక్టరమ్మ పొద్దున తూకం చూసింది, మింగుతున్నంతసేపూ మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. కాగితాలు మడిచి సొరుగులో పెట్టింది. "ఈ ఓడకి వద్దు" అంది. "ఇలాగే తింటే ఏ ఓడకీ వద్దు."

మధ్యాహ్నం కలోమీరా మరూసోని చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి తెచ్చింది. ఓడ పోవడం చూద్దామని మేం ముగ్గురం వెనక నిలబడ్డాం. మరూసో ఓడ వంక చూడనే లేదు. కింద ఆవరణలోకి చూస్తోంది. అక్కడ ఎండలో మోటర్‌సైకిల్, నిగనిగలాడే నీలం.

ఎడమ చెయ్యి లేపి వేలు అటు చూపించింది. నోరు ఒక పక్కకి వంకర పోయింది. గొంతులో ఏదో కదిలింది. "ఎ... వ..."

నికితాస్ వంగాడు. "నేనేలే అక్కా. రంగు మిగిలిందని..."

"వాడు కాదు" అన్నా. "నేను. నేనే వేశా మరూసో. వైరు కూడా నేనే పాడు చేశా."

నా వైపు తిరిగింది. పెదవులు కూడదీసుకుంది. ఇరవై రోజుల్లో మొదటి మాట. స్పష్టంగా, ఒక్క అక్షరం పోకుండా అంది.

"గాడిద."

కలోమీరా కూడా వింది.